మూడు కాగితాలు, మూడు పుట్టినతేదీలు: బ్రిటిషు కాలపు పూర్వీకుల జీవితాన్ని పత్రాల్లో ఎలా చదవాలి

ముత్తాతగారి జాతకచక్రం ఒక తేదీ చెబుతుంది. ఆయన స్కూలు సర్టిఫికెట్టు మరొకటి చెబుతుంది. ఆయన వ్రాసిచ్చిన దస్తావేజులోని వయసును బట్టి లెక్క వేస్తే మూడోది వస్తుంది. ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి నిజమనీ తక్కినవి తప్పనీ తేల్చేసి ఊరుకుంటారు, లేదా ఈ పాత కాగితాలను నమ్మలేమని పెట్టెలో పడేస్తారు. మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడో తరం వరకూ, ట్రినిడాడ్ అండ్ టొబాగోలోని వారికి ఆరో తరం వరకూ ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు సౌకర్యాన్ని విస్తరిస్తున్నట్టు భారత ప్రభుత్వం 2024, 2025లలో ప్రకటించాక, ఇటువంటి కాగితాల కోసం వెతికేవారు విదేశాల్లోనూ కనిపిస్తున్నారు. అక్కడివారికి ఎదురయ్యే చిక్కులూ, కోస్తాలోనో రాయలసీమలోనో తాతల కాలపు పత్రాలు తిరగేసేవారి చిక్కులూ చాలావరకు ఒకటే.

ఆ చిక్కులకు మూలం ఒక చిన్న విషయంలో ఉంది. పాత కాగితం ఏదీ మన పూర్వీకుడి జీవితచరిత్ర చెప్పడానికి పుట్టలేదు. శిస్తు వసూలు చేయడానికి ఒకటి, అప్పు రాబట్టుకోవడానికి ఒకటి, పెళ్లి ముహూర్తం చూడడానికి ఒకటి, కూలీని లెక్కపెట్టడానికి ఒకటి పుట్టాయి. ఏ అవసరం కోసం పుట్టిందో ఆ అవసరానికి తగిలే వివరాన్ని కాగితం జాగ్రత్తగా నమోదు చేస్తుంది, తగలని వివరాన్ని పైపైన వ్రాసి వదిలేస్తుంది. కనుక 'ఈ కాగితం నిజమా, అబద్ధమా' అని కాక, 'ఇందులో ఏ వివరం గట్టిది, ఏది మెత్తది' అని అడగాలి.

ఎవరు వ్రాశారు, ఎందుకు వ్రాశారు

మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల కుటుంబాలకు దొరికే పత్రాలు మూడు వైపుల నుంచి వస్తాయి. మొదటిది ఇల్లు: జాతకాలు, లగ్నపత్రికలు, శుభలేఖలు, ఉత్తరాలు, శిస్తు రశీదులు, తద్దినాల తిథులు వ్రాసి పెట్టుకున్న పుస్తకాలు. రెండోది గ్రామ కచేరీ: భూమి లెక్కలు కరణం దగ్గర, శిస్తు వసూలూ పుట్టుక చావుల రిజిస్టరూ మునసబు దగ్గర ఉండేవి. ఈ వంశపారంపర్య గ్రామోద్యోగాలను ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దు చేశారు. మూడోది గ్రామం బయటి ప్రభుత్వం: సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, కోర్టు, స్కూలు, మిషన్ చర్చి, ఉద్యోగపు సర్వీసు రిజిస్టరు.

ఇంగ్లండులో వంశచరిత్ర వెతికేవారికి జనగణన పట్టికలు పెద్ద ఆధారం. అక్కడ ఇంటింటి వివరాలు భద్రపరిచారు. ఇక్కడ 1871 నుంచి పదేళ్లకోసారి జనాభా లెక్కలు తీసినా, మొత్తాలు కట్టాక ఇంటింటి కాగితాలను ఉంచలేదు. అందువల్ల ఇంగ్లీషు మార్గదర్శకాల్లో చెప్పే పద్ధతి మన దగ్గర మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. ఆ స్థానాన్ని ఇక్కడ భూమి పత్రాలే ఆక్రమించాయి. భూమి ఉన్నవాడి జీవితం కాగితాల్లో దండిగా దొరకడం, లేనివాడు దాదాపు కనిపించకపోవడం ఈ వెతుకులాటకు పుట్టుకతో వచ్చిన లోపం.

సంవత్సర నామాలు, ఫసలీలు, వారాలు

పాత పత్రాల్లో తేదీ మూడు రకాలుగా ఉంటుంది. ఇంగ్లీషు తేదీతో ఇబ్బంది లేదు. రెండోది తెలుగు సంవత్సరం, మాసం, పక్షం, తిథి. మూడోది రెవెన్యూ కాగితాల్లో వాడిన ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం.

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. అవి చక్రంలా తిరుగుతాయి. 1987-88 ప్రభవ అయితే, 1927-28, 1867-68 కూడా ప్రభవలే. జాతకంలో 'ఆనంద' అని ఉంటే అది 1854-55 కావచ్చు, 1914-15 కావచ్చు, 1974-75 కూడా కావచ్చు. తరాన్ని బట్టి ఏదో తేల్చుకోవడం సులువే. అసలు పొరపాటు తరువాత జరుగుతుంది. ఆనంద అంటే 1914 అని వ్రాసేసుకుంటారు గానీ, తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది గనుక పుష్యమాసపు చివరి రోజులూ, మాఘ ఫాల్గుణాలూ ఇంగ్లీషు లెక్కలో మరుసటి ఏడాదిలో పడతాయి. 'ఆనంద సంవత్సర మాఘ శుద్ధ దశమి' అంటే 1914 కాదు, 1915 జనవరి చివరి వారం. జాతకంలో వారం పేరు కూడా ఉంటే అది మంచి సరిచూపు. తిథిని బట్టి వచ్చిన తేదీ సోమవారం అయి, జాతకంలో సోమవారమే ఉంటే లెక్క కుదిరినట్టు. ఒక రోజు తేడా వస్తే కంగారు పడనక్కర లేదు, తిథి సూర్యోదయంతో మొదలు కాదు గనుక అది మామూలే. మూడు నాలుగు రోజుల తేడా వస్తే మాత్రం ఏడాదినే అనుమానించాలి.

ఈ పేర్లు ఊరి జ్ఞాపకాల్లో కూడా నిలిచాయి. గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన 1832-33 కరువు నందన సంవత్సరంలో వచ్చింది గనుక అది నందన కరువు. డొక్కల కరువని కూడా అన్నారు. 1876-78 నాటిది ధాత కరువు. 'మా వాళ్లు ధాత కరువుకు ఆ ఊరు వదిలి వచ్చారట' అనే మాట ఇంట్లో ఉంటే, వలస ఏ రెండేళ్లలో జరిగిందో కాగితం లేకుండానే తెలిసినట్టే.

ఫసలీ ఇంకా సులువు. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది. శిస్తు రశీదు మీద 'ఫసలీ 1344' అని ఉంటే అది 1934 జూలై నుంచి 1935 జూన్ వరకు. నిజాం రాజ్యంలోనూ చివరి దశాబ్దాల్లో 590 కలపడమే, కాని అక్కడ ఏడాది అక్టోబరులో ఆజర్ నెలతో మొదలయ్యేది. తెలంగాణ పత్రాన్ని కోస్తా లెక్కతో చదివితే మూడు నెలల తేడా వస్తుంది. పుట్టుక, మరణం వంటి వాటికి అది చిన్న తేడా కాదు.

ఒకే మనిషికి మూడు వయసులు ఎలా వచ్చాయి

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. భీమవరం తాలూకాలోని ఒక రైతు, పేరు సుబ్బయ్య అనుకుందాం. జాతకం ప్రకారం పుట్టింది ఆనంద సంవత్సర మాఘ శుద్ధ దశమి, అంటే 1915 జనవరి. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో పుట్టిన తేదీ 1916 జూలై 1. తన వాటా పొలం అమ్ముతూ 1933 ఆగస్టులో వ్రాసిచ్చిన దస్తావేజులో 'సుమారు 20 సంవత్సరముల వయస్సు గల' అని ఉంది, అంటే 1913. మునసబు రిజిస్టరులో 1915 ఫిబ్రవరి 2న ఆ తండ్రి పేరుతో 'మగశిశువు' అని ఉంది. శిశువు పేరు లేదు.

ఒక్కొక్క దాని అవసరం చూద్దాం. జాతకం రేపు పెళ్లికి పొంతన చూడడానికి వ్రాయించింది. అందులో నక్షత్రం తప్పితే పనికిరాదు, కనుక రోజూ వేళా శ్రద్ధగా వ్రాస్తారు. స్కూలులో వయసు చెప్పేది బడిలో చేర్చిన పెద్దమనిషి. సర్కారు ఉద్యోగంలో 55 ఏళ్లకు విరమణ ఉన్న రోజుల్లో ఏడాదో రెండేళ్లో తగ్గించి చెబితే పోయేదేమీ లేదు. జూలై 1 వంటి గుండ్రటి తేదీ కనబడగానే దాన్ని గుమాస్తా తేదీ అనుకోవడం మంచిది. దస్తావేజు సంగతి వేరు. 1875 మెజారిటీ చట్టం ప్రకారం మైనారిటీ తీరేది 18 ఏళ్లకు, కోర్టు గార్డియన్‌ను నియమించిన వారికైతే 21కి. మైనరు వ్రాసిచ్చిన దస్తావేజు చెల్లదు. స్కూలు తేదీ నిజమైతే 1933లో సుబ్బయ్యకు 17 ఏళ్లే. కొన్నవాడు అది ఒప్పుకోడు. 'సుమారు 20' అనే మాట అతడు మేజరని చెప్పడానికి, అతని వయసు చెప్పడానికి కాదు. మునసబు రిజిస్టరులోని తేదీ కబురు అందిన రోజు కావచ్చు. జనవరి చివర్లో పుట్టిన శిశువు ఫిబ్రవరి 2న నమోదు కావడం సహజం.

ఇలా చదివితే నాలుగు కాగితాలూ ఒకదానితో ఒకటి తగువులాడుకోవు. జాతకం, మునసబు రిజిస్టరు కలిసి 1915 జనవరి వైపు చూపిస్తాయి. ఆ లెక్కన 1933 ఆగస్టులో అతనికి 18 నిండాయి, కనుక దస్తావేజూ చెల్లుతుంది. స్కూలు తేదీ ఒక్కటే మిగిలిపోతుంది, అది ఎందుకు మిగిలిందో కూడా తెలుస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. ఆ రిజిస్టర్లలో పేరు లేని శిశువులు కోకొల్లలు, ఎందుకంటే నమోదు నాటికి బారసాల జరిగి ఉండదు. పేరుతో వెతికి దొరకలేదని వదిలేయకుండా తండ్రి పేరుతో, నెలతో వెతకాలి.

మరణం విషయంలో ఇంటి ఆచారం ఒక విచిత్రమైన సాక్ష్యం ఇస్తుంది. తద్దినం పెట్టే ఇళ్లలో మాసం, పక్షం, తిథి తరాల తరబడి నిలుస్తాయి, ఏడాది మాత్రం పోతుంది. ముత్తాతగారి తిథి కార్తీక బహుళ నవమి అనుకుందాం. 1908 జూన్‌లో ఆయన ఒక దస్తావేజు మీద సంతకం చేశారు. 1911 మార్చిలో కొడుకులు వ్రాసిన పంపకాల కాగితంలో తండ్రిని 'కీర్తిశేషులైన' అన్నారు. మధ్యలో వచ్చే కార్తీకాలు మూడే: 1908, 1909, 1910. ఆ మూడేళ్ల నవంబరు, డిసెంబరు పుటలు చూస్తే చాలు. మూడు వందల పుటల పని పది పుటలకు దిగుతుంది.

ఊరు కదలలేదు, జిల్లా కదిలింది

భీమవరం 1859 తరువాత గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో అది కృష్ణా జిల్లాలోకి మారింది. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఇల్లు కదలకుండానే మన సుబ్బయ్య తాత గోదావరి జిల్లావాడు, సుబ్బయ్య పుట్టింది కృష్ణా జిల్లాలో, పొలం అమ్మింది పశ్చిమ గోదావరిలో. ఒంగోలు కుటుంబాలకూ ఇదే అనుభవం. 1904 దాకా నెల్లూరు జిల్లా, తరువాత గుంటూరు, 1970 నుంచి ఇప్పటి ప్రకాశం. దీనికి తోడు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయ్యాయి. తాతగారి కాగితంలోని జిల్లా పేరు చూసి 'మా వాళ్లు అక్కణ్ణుంచి వలస వచ్చారు' అని చెప్పుకునే కుటుంబాలు తక్కువేమీ కాదు. వలస వెళ్లింది సరిహద్దు, మనుషులు కాదు.

ఇంగ్లీషు రికార్డుల్లో ఊళ్ల పేర్లు మరో అవస్థ. ఏలూరు ఎల్లోర్ అయింది, కాకినాడ కొకనాడ అయింది, మచిలీపట్నం మసూలిపటం, కడప కడ్డపా అయ్యాయి. పెద్ద ఊళ్ల రూపాలు అందరికీ తెలుసు. చిన్న పల్లెల పేర్లు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పడ్డాయి. పైగా కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లు జిల్లాకు పది ఉంటాయి. ఊరి పేరు ఒక్కటే కాక తాలూకా కూడా దొరికేదాకా ఏ నిర్ణయానికీ రాకూడదు.

దస్తావేజు వివరాల గని

రిజిస్ట్రేషన్ చట్టాలు 1860లలో మొదలయ్యాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 1908 నాటిది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు ఒకటో పుస్తకంలోను, వీలునామాలు మూడో పుస్తకంలోను ఎక్కిస్తారు. ఇంట్లో అసలు పోయినా అక్కడ నకలు దొరికే అవకాశం ఉంది.

పాత విక్రయ దస్తావేజు నడక అందరికీ తెలిసిందే: ఫలానా జిల్లా ఫలానా తాలూకా ఫలానా గ్రామ కాపురస్థులు, ఫలానా వారి కుమారుడు, ఫలానా వారికి, అదే గ్రామ కాపురస్థుడు ఫలానా వాడు వ్రాసి యిచ్చిన శుద్ధ విక్రయ దస్తావేజు. ఈ ఒక్క వాక్యంలోనే ఇంటిపేరు, తండ్రి పేరు, నివాసం, చాలాసార్లు కులమూ వృత్తీ వచ్చేస్తాయి. తరువాత సంక్రమణ చెప్పే భాగం వస్తుంది: ఈ భూమి నాకు పిత్రార్జితమా, స్వార్జితమా, ఫలానా నాటి విభాగ పత్రం వల్ల వచ్చిందా అని. ఇక్కడ పేర్కొన్న పాత దస్తావేజు నంబరు పట్టుకుని వెనక్కి వెళితే మరో తరం దొరుకుతుంది. ఆపైన సొమ్ము ఎందుకు కావలసివచ్చిందో ఉంటుంది: చెల్లెలి పెళ్లి ఖర్చు, పాత నోటు బాకీ, శిస్తు బకాయి. ఉమ్మడి కుటుంబపు ఆస్తిని అవసరం చూపకుండా అమ్మితే రేపు కొడుకులు దావా వేయవచ్చు గనుక ఈ భాగాన్ని శ్రద్ధగా వ్రాసేవారు. శ్రద్ధగా వ్రాశారంటే నిజమే వ్రాశారని కాదు. కొనేవాడికి రక్షణగా అవసరాన్ని కొంచెం పెంచి వ్రాయడం కూడా ఉండేది.

చివర చెక్కుబందీ. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పుంత, పడమర మా జ్ఞాతి భూమి, ఉత్తరం పంట కాలువ. దీన్ని చాలామంది దాటేస్తారు, కాని హద్దుల్లో కనిపించే జ్ఞాతుల పేర్లు అన్నదమ్ముల వాటాలు ఎలా విడిపోయాయో పటంలా చూపిస్తాయి. ఒక సర్వే నంబరు చుట్టూ నాలుగు దస్తావేజులు చేరితే వంశవృక్షంలో ఒక కొమ్మ మొత్తం బయటపడుతుంది. సాక్షి సంతకాల్లో బావమరుదులు, వియ్యంకులు ఉంటారు. సంతకం చేయలేనివారు పెట్టిన నిశానీ పక్కన 'వ్రాలు' అని దస్తూరి వ్రాసినవాడు పేరు చేర్చి ఉంటాడు. పూర్వీకుడికి అక్షరాలు వచ్చా రాదా అనేది అక్కడ తేలిపోతుంది. స్టాంపు కాగితం వెనుక అమ్మినవాడి ఎండార్సుమెంటులో కొన్న తేదీ, కొన్న మనిషి పేరు ఉంటాయి. దస్తావేజు ముందు తేదీ వేసి వ్రాశారేమో చూడడానికి అది అక్కరకు వస్తుంది.

ఇనాము భూములూ, జమీందారీ గ్రామాలూ

ఇనాము భూమి, అంటే ఏదో ఒక సేవకో దానంగానో శిస్తు మినహాయించి ఇచ్చిన భూమి, ఉన్న కుటుంబాలు ఒక విధంగా అదృష్టవంతులు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాము కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ప్రతి ఇనాము ఎవరు ఇచ్చారు, ఎప్పుడు, ఏ సేవకు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మూల గ్రహీతకు ఇతనికి బంధుత్వమేమిటి అని విచారించి రిజిస్టర్లలో ఎక్కించి, హక్కు నిలిచినవారికి టైటిల్ డీడ్ ఇచ్చారు. బంధుత్వం నిరూపించకపోతే ఇనాము నిలవదు గనుక ఆ వివరం గట్టిది. వయసుతో ఎవరికీ పని లేదు గనుక అక్కడ నలభైలు, నలభై అయిదులు, యాభైలు ఎక్కువగా కనిపిస్తాయి.

రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ గ్రామాల్లో సర్వే నంబరుకు పట్టాదారు పేరుతో సెటిల్‌మెంటు రిజిస్టర్లు ఉన్నాయి. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉండడంతో డైగ్లాట్ అని పేరుబడ్డవి ఇవే. జమీందారీ గ్రామంలో మాత్రం ప్రభుత్వానికి తెలిసినవాడు జమీందారు. రైతు పేరు ఎస్టేటు కచేరీ లెక్కల్లో ఉండేది. విజయనగరం, పిఠాపురం, వెంకటగిరి వంటి పెద్ద సంస్థానాల కింద ఉన్న ఊళ్లలో ముత్తాత పేరు సర్కారు భూమి రికార్డుల్లో దొరకకపోతే ఆయనకు భూమి లేదని అర్థం చేసుకోకూడదు. 1908 ఎస్టేట్స్ లాండ్ చట్టం రైతు హక్కులను గుర్తించింది, 1948 చట్టం ఎస్టేట్లను రద్దు చేసింది. అలాంటి ఊళ్లలో రైతు పేరుతో సర్కారు సెటిల్‌మెంటు జరిగింది ఆ రద్దు తరువాతే. తెలంగాణవారికి సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులు ఈ స్థానంలో ఉంటాయి. పాతవి ఉర్దూలో ఉంటాయి గనుక చదివిపెట్టేవారిని వెతుక్కోవాలి.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

మన ఆచారం ప్రకారం పెద్ద మనవడికి తాత పేరు పెడతాం. దాంతో 1862 ఇనాము రిజిస్టరులో 40 ఏళ్ల వెంకయ్య, 1893 తనఖా పత్రంలో వెంకయ్య, 1931 శిస్తు రశీదులో వెంకయ్య కనబడితే ఒకే మనిషి 109 ఏళ్లు బతికినట్టు అవుతుంది. తేల్చేది తండ్రి పేరు. మొదటి వెంకయ్య రామయ్య కొడుకు, మూడో వెంకయ్య సుబ్బయ్య కొడుకు అయితే, మధ్యలో ఉన్న వెంకయ్య ఎవరి కొడుకో చూసి అతణ్ణి తాత కింద వేయాలో మనవడి కింద వేయాలో నిర్ణయించాలి.

తండ్రి పేరు కూడా ఒక్కోసారి దారి తప్పిస్తుంది. దత్తత వెళితే గోత్రం, ఇంటిపేరు, తండ్రి పేరు మూడూ మారతాయి. ఒక ఇంట్లో హఠాత్తుగా ఒక కొడుకు మాయమై, మరో ఊళ్లో అదే వయసువాడు హఠాత్తుగా ప్రత్యక్షమైతే దత్తత పత్రం కోసం చూడాలి. మిషన్ చర్చిల వైపు ఇంకో మార్పు ఉంది. ఒంగోలు దగ్గర వెలుంపిల్లిలో 1878 జూలై 3న ఒక్కరోజే అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మంతో పేరు మార్చుకున్న కుటుంబాల్లో పాత పేరును కొత్త పేరుతో కలిపే చోటు ఆ సంఘపు రిజిస్టరే కావచ్చు. భూమి లేని కుటుంబాల విషయంలో ఈ రిజిస్టర్ల విలువ ఎంత చెప్పినా తక్కువే.

స్త్రీల పేర్లు దొరికే చోట్లు

ముత్తాత దాకా సాఫీగా వచ్చిన వంశవృక్షం ముత్తవ్వ దగ్గర ఆగిపోవడం మామూలు. పట్టా ఆమె పేరున ఉండదు, వంశావళిలో 'భార్య' అని మాత్రమే ఉంటుంది. ఆమె కాగితంలోకి వచ్చే సందర్భాలు కొన్నే. పెళ్లిలో పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమికి వ్రాసిన పత్రం ఒకటి. అందులో ఆమె తండ్రి పేరు, ఊరు, ఇంటిపేరు ఉంటాయి, అంటే మరో వంశానికి తలుపు తెరుచుకుంటుంది. వితంతువుకు మనోవర్తి ఏర్పాటు చేసిన కాగితం మరొకటి. మూడోది కోర్టు దావా. భర్త ఆస్తిని ఆమె అమ్మితే దాయాదులు 'అవసరం లేకుండా అమ్మింది' అని దావా వేసేవారు. ఆ దావా పత్రానికి వంశవృక్షం జతచేయక తప్పదు. తగువు లేని ఇళ్లకంటే కోర్టుకెక్కిన ఇళ్ల చరిత్రే ఎక్కువ మిగిలింది.

నోటి మాటకు ఎంత విలువ

ఇక్కడ రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం కాగితంలో లేనిదాన్ని చరిత్రగా ఒప్పుకోదు. ఇంటి కథ తరం మారేకొద్దీ పెరుగుతుందని, గుమాస్తాగా చేసిన తాత రెండు తరాల్లో తహసీల్దారు అవుతాడని వారి వాదన. అది అనుభవంలో ఉన్న మాటే. రెండో పక్షం కాగితం కూడా ఎవరో ఒకరి నోటి మాటేనని, దాన్ని గుమాస్తా వ్రాసుకున్నంత మాత్రాన నిజం కాబోదని అంటుంది. రెడ్డి, కమ్మ వంటి కులాల గోత్రాలనూ వంశాలనూ తరాల తరబడి చెప్పుకుంటూ వచ్చిన పిచ్చుకుంట్లవారి పరంపరను, కాశీ గయల్లో పండాలు (తీర్థ పురోహితులు) ఉంచుకునే యాత్రికుల పుస్తకాలను వారు ఉదాహరణగా చూపిస్తారు.

నా అంచనాలో నోటి మాట సంబంధాల్లో గట్టిది, కాలంలో, హోదాలో మెత్తది. ఎవరు ఎవరికి మేనమామ అనేది పెళ్లి సంబంధాలకు కావాలి గనుక ఇల్లు దాన్ని మరచిపోదు. ఏ సంవత్సరం, ఏ ఉద్యోగం అనేవి అలా కావు. ఉద్యోగం సంగతి సరిచూడడానికి ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్ ఉంది. నియామకాలు, బదిలీలు అందులో అచ్చయ్యేవి.

సముద్రం దాటినవారు

విదేశాల్లోని సంతతికి ఆధారం పూర్తిగా వేరే రకం కాగితం. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో చేరింది. 1911 వరకు వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ఓడ జాబితాలో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం నమోదు చేశారు. ఫిజీ ఎమిగ్రేషన్ పాసులో ఎత్తు, ఒంటి మీద గుర్తులు కూడా ఉంటాయి. అక్కడికి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఇంటిపేరు మాత్రం ఈ జాబితాల్లో చాలావరకు లేదు.

జాబితాలోని కులం గడి మీద వాదం ఉంది. గుమాస్తా తనకు తెలిసిన నాలుగైదు పేర్లలో ఏదో ఒకటి వేశాడని కొందరు, పని దొరకడానికి వీలైన కులం చెప్పుకున్నారని కొందరు, మొత్తంగా చూస్తే జిల్లాల సామాజిక చిత్రానికి అది సరిపోతుందని మరికొందరు అంటారు. మొదటి రెండు వాదనలు ఒక్కొక్క వ్యక్తి విషయంలో, మూడోది వేలమందిని కలిపి చూసినప్పుడు బలంగా నిలుస్తాయి. ఒక్క మనిషి కులాన్ని ఆ గడి ఒక్కదాన్ని బట్టి తేల్చలేం.

బర్మా వెళ్లినవారి సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి రంగూన్‌కు వెళ్లినవారు ఒప్పంద కూలీలు కారు, డెక్కు టిక్కెట్టు కొనుక్కున్న ప్రయాణికులు. 1937 ఏప్రిల్ 1న విడిపోయేదాకా బర్మా ఇండియాలో భాగమే గనుక పాస్‌పోర్టు ప్రసక్తి లేదు. లక్షలాదిగా వెళ్లినా మనిషి మనిషికీ నంబరు వేసిన జాబితా లేదు. ఆ కుటుంబాలకు మనీ ఆర్డరు కూపన్లు, ఉత్తరాల మీది తపాలా ముద్రలు, రంగూన్ సొమ్ముతో ఇక్కడ కొన్న పొలం దస్తావేజులే ఆధారం.

ఓసీఐ కోసం వెతికేవారికి ప్రతి తరానికీ తరువాతి తరానికీ మధ్య ముడి చూపే కాగితం కావాలి. సాధారణ నిబంధన ప్రకారం అర్హత మునిమనవడి తరం వరకే. మారిషస్, ట్రినిడాడ్‌లకు ఇచ్చినది ప్రత్యేక సడలింపు. నేటాల్ సంతతివారికి అటువైపు కొస బలంగానే ఉంటుంది, ఎందుకంటే ఓడ నంబరే తరువాత వివాహ నమోదులోనూ ఆస్తి కాగితాల్లోనూ ఆ మనిషి వెంట నడిచింది. ఇటువైపు కొసలో మిగిలేది గ్రామం పేరు, తండ్రి పేరు. 1890ల నాటి జాబితాలో 'గోదావరి జిల్లా, ఎల్లోర్ తాలూకా' అని ఉంటే, ఆ గ్రామాన్ని వెతకవలసింది ఇప్పటి గోదావరి జిల్లాల్లో కాదు, ముందుగా ఏలూరు జిల్లాలో.